సామ్ కుక్‌ని ఏడిపించకండి

పోయిన ఏడాది ఒక స్నేహితుడి ఇంట్లో, మేడ మీద, పదిమందిమి కూర్చున్నాం. ఎవరో కవిత చదివారు. ఎవరో ఈ మధ్య వచ్చిన కథల మీద విసుక్కున్నారు. రాత్రి పదిన్నర దాటాక ఒక మిత్రుడు ఫోన్‌ని స్పీకర్‌కి కలిపి 'ఎ ఛేంజ్ ఈజ్ గొన్నా కమ్' పెట్టాడు. వయొలిన్లు మొదలవగానే అందరం తలలు దించుకున్నాం. పాట అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో మాట. "ఎంత బాధ ఉంటే ఆ గొంతు వస్తుంది!" "అది నేర్చుకుంటే వచ్చేది కాదు, వాళ్ల రక్తంలోనే ఉంటుంది." "ఆత్మతో పాడటమంటే అదీ."

నేను ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. ఆయనకి సొంతంగా ఒక మ్యూజిక్ పబ్లిషింగ్ కంపెనీ, ఒక రికార్డు కంపెనీ ఉండేవని చెప్పాను. పెళ్లి పందిట్లో కరెంటు బిల్లు గురించి మాట్లాడినవాణ్ణి చూసినట్టు చూశాడు ఆ మిత్రుడు. "అన్నా, ఇప్పుడు ఆ లెక్కలెందుకు?" అన్నాడు.

ఆ రాత్రి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

సామ్ కుక్ గురించి మనకి సాధారణంగా తెలిసింది ఇంతే: ఒక పాట, ఒక చావు, ఒక సినిమా. పాట పైన చెప్పిందే. చావు 1964 డిసెంబరు 11న, లాస్ ఏంజెలెస్‌లో, ఒక చవక మోటెల్లో. మేనేజర్ తుపాకీతో కాల్చింది. అప్పటికి అతనికి ముప్పై మూడేళ్లు. ఆత్మరక్షణ కోసం కాల్చింది కాబట్టి నేరం కాదని విచారణలో తేల్చారు. చాలామంది ఇప్పటికీ నమ్మరు. ఆ రాత్రి గురించి యూట్యూబ్‌లో కావలసినన్ని వీడియోలున్నాయి, నేను ఆ జోలికి పోను. సినిమా 2020లో రెజీనా కింగ్ తీసిన 'వన్ నైట్ ఇన్ మయామీ'. ఈ మూడూ కలిపితే మనకి బాగా అలవాటైన ఒక పటం తయారవుతుంది. దేవుడిచ్చిన గొంతు, లోకం పెట్టిన గాయం, గాయంలోంచి పుట్టిన పాట, అర్ధాంతరపు చావు. దానికి దండ వేసి దండం పెట్టుకోవడం తేలిక. నా పేచీ ఆ పటంతోనే. అందులో ఉన్నది అబద్ధమని కాదు. అందులో అన్నీ సామ్ కుక్‌కి జరిగినవే ఉన్నాయి, అతను చేసినవి లేవు.

కొంత తప్పు 'సోల్' అనే మాటది. 1950ల చివర్లో, అమెరికాలో నల్లవాళ్ల చర్చి పాట ప్రేమపాటలోకి దిగిన తర్వాత, ఆ సంగీతానికి స్థిరపడిన పేరు అది. మనం దాన్ని నేరుగా 'ఆత్మ' అనేసుకుంటాం. ఆత్మ అన్నాక ఇంకేముంది, సాధన, బేరం, కాంట్రాక్టు అన్నీ మైలపడిపోతాయి. కానీ ఆ చర్చి పాట తనంతట తాను ప్రేమపాటలోకి దిగలేదు. కొందరు పట్టుబట్టి దింపారు. రే చార్లెస్ 1954లోనే 'ఐ గాట్ ఎ వుమన్'తో దింపాడు. అయితే రే చార్లెస్ చర్చి వేదిక మీద పేరున్న గాయకుడు కాదు. సామ్ కుక్ ఆ వేదిక మీద పెద్ద స్టార్. తనని చూసి పూనకాలొచ్చి ఊగిపోయే భక్తుల ముందే అతను గడప దాటాడు. దాటితే వాళ్లు తనని క్షమించరేమోనని తెలుసు. అందుకే మొదటి ప్రేమపాట 'లవబుల్'ని వేరే పేరు పెట్టుకుని విడుదల చేశాడు. డేల్ కుక్ అట! ఆ గొంతు వినగానే గుర్తుపట్టేశారు జనం. పైగా అది అంతకుముందు తను పాడిన 'వండర్‌ఫుల్' అనే భక్తిపాటకి మాటలు మార్చి కట్టిందే.

ఈ గొంతు సంగతే ముందు తేల్చుకుందాం. 'రక్తంలో ఉంది' అన్నారు కదా.

1931 జనవరి 22న మిసిసిపీ రాష్ట్రంలో క్లార్క్స్‌డేల్ అనే ఊళ్లో పుట్టాడు. రెండేళ్లకి ఆ కుటుంబం షికాగో చేరింది. తండ్రి పాస్టరు. పిల్లలందర్నీ కలిపి చర్చిల్లో పాడించేవాడు. చిన్న సామ్ ఐస్‌ఫ్రూట్ పుల్లలు మట్టిలో వరసగా గుచ్చి, వాటినే జనం అనుకుని పాడేవాడని తమ్ముడు ఎల్.సి. తర్వాత చెప్పుకునేవాడు. అదే తమ్ముడు చెప్పిన ఇంకో ముక్క ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నేను పెద్దయ్యాక ఉద్యోగం చేయను, పాడతాను అనేవాడట అన్న. ఎందుకంటే జనం వారమంతా కష్టపడతారు, శని ఆదివారాలు జల్సా చేస్తారు, సోమవారానికి మళ్లీ చేతిలో చిల్లిగవ్వ ఉండదు, ఈ ఏర్పాటే అలా ఉంది అనేవాడట. ఐస్‌ఫ్రూట్ పుల్లల ముందు పాడే పిల్లాడు మనకి ముద్దొస్తాడు. ఆ రెండో పిల్లాడు మాత్రం మన పటంలో ఎక్కడా లేడు.

1950లో, పందొమ్మిదేళ్ల వయసులో, సోల్ స్టిరర్స్ అనే బృందంలో చేరాడు. అప్పటిదాకా అక్కడ ముందుండి పాడినవాడు ఆర్.హెచ్. హ్యారిస్. గాస్పెల్ పాటలో అతనిదొక శకం. అలాంటివాడు ఖాళీ చేసిన చోట కుర్రాడు నిలబడాలి. మొదట్లో హ్యారిస్‌లాగే పాడబోయి ఇబ్బంది పడ్డాడు. బృందం పెద్ద ఎస్.ఆర్. క్రెయిన్ తర్వాత గుర్తు చేసుకున్న సంగతి ఒకటుంది. 1953 ప్రాంతంలో ఒక కచేరీలో సామ్‌కి ఒక పైస్వరం అందలేదు. అందకపోతే అరిచి పట్టుకోవాలి, లేదా వదిలేయాలి. అతను రెండూ చేయలేదు. స్వరాన్ని వంచి, దాని కిందుగా తేలిపోయాడు. సామ్ కుక్ పాట ఏది విన్నా వినిపించే 'వో-ఓ-ఓ' అనే ఆ వంపు అక్కడిది. మనవాళ్లైతే గమకం అంటారు. ఆ వంపులో వందల ఏళ్ల బానిసత్వపు దుఃఖం వినబడిందని రాసినవాళ్లున్నారు. వినబడితే వినబడనీయండి. ఆ రోజు ఆ క్షణాన మాత్రం అది ఒక పనివాడికి దొరికిన ఉపాయం. ఉపాయం దొరికాక దానికి మెరుగు పెట్టుకున్నాడు, ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో నేర్చుకున్నాడు. 1956లో 'టచ్ ద హెమ్ ఆఫ్ హిజ్ గార్మెంట్' రికార్డింగుకి వెళ్తూ, చేతిలో కొత్త పాట లేకపోతే, దారిలో బైబిల్ తిరగేసి అక్కడికక్కడే కట్టేశాడని చెప్తారు. ఇది ఆవేశం కాదు. ఏళ్ల తరబడి రోజుకో ఊళ్లో పాడినవాడికి చేతివాటంగా వచ్చేసిన విద్య.

రక్తంలో ఉంది, సహజంగా వచ్చేస్తుంది అనడం మెచ్చుకోలులా కనబడుతుంది. దాని వెనక ఉన్న లెక్క చూడండి. సహజంగా వచ్చేదానికి కూలి ఎవరిస్తారు? మామిడికాయ కోసుకున్నందుకు చెట్టుకి డబ్బులిస్తామా? అమెరికా రికార్డు కంపెనీలు నల్లజాతి గాయకుల్ని సరిగ్గా అలాగే చూశాయి. వాళ్లు కాస్తారు, మనం కోసుకుందాం. ఆ మేడ మీద మనం అన్న మాటలకీ ఆ కంపెనీల చూపుకీ దూరం ఎంత? నాకైతే ఎక్కువ కనబడలేదు.

ఇక ఆ కోత ఎలా జరిగేదో చెప్తాను. కాస్త ఓపిక పట్టండి, సామ్ కుక్ తెలివంతా ఇక్కడే ఉంది.

ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. ఒకటి పాట, అంటే మాటలు, బాణీ. రెండోది రికార్డు, అంటే ఫలానా రోజు ఫలానా గొంతు పాడిన ధ్వని. రెండింటికీ వేర్వేరు యజమానులు ఉండొచ్చు. అమెరికాలో మామూలు రేడియోలో ఒక పాట వేస్తే రాసినవాడికీ, పబ్లిషర్‌కీ డబ్బొస్తుంది. పాడినవాడికి పైసా రాదు. ఈ రోజుకీ అంతే. అంటే పాటని ఎవరు పాడినా, ఎవరు మళ్లీ పాడినా, డబ్బు నడిచే దారి మొదటి ఆస్తి మీదుగా పోతుంది. టేలర్ స్విఫ్ట్ తన పాత ఆల్బమ్‌లు కొన్ని మళ్లీ ఎందుకు పాడిందో మీలో చాలామందికి తెలుసు. రెండో ఆస్తి, అంటే రికార్డులు, అప్పట్లో వేరేవాళ్ల చేతిలో ఉండేవి. మొదటి ఆస్తిలో తన వాటా తన దగ్గరుంది. అందుకే మళ్లీ పాడగలిగింది. ఈ తేడా ఇవాళ పదహారేళ్ల అభిమానులకి కూడా తెలుసు. 1955లో తెలిసినవాళ్లు చాలా తక్కువ.

ఆ ఏడాదే లిటిల్ రిచర్డ్ 'టూటీ ఫ్రూటీ' వచ్చింది. కొన్ని నెలల్లోనే పాట్ బూన్ అనే తెల్ల గాయకుడు అదే పాటని ఇస్త్రీ చేసి పాడితే, అది అసలుదానికంటే పైకెక్కింది. లిటిల్ రిచర్డ్ ఆ పాట హక్కుల్ని నామమాత్రపు సొమ్ముకి కంపెనీకి రాసిచ్చేశాడు. ఆ కంపెనీ స్పెషాల్టీ, యజమాని ఆర్ట్ రూప్. సోల్ స్టిరర్స్ రికార్డులు వేస్తున్నదీ ఆ స్పెషాల్టీయే. ఒకే ఇంట్లో ఉన్నవాడికి వంటగదిలో ఏం జరుగుతుందో తెలియకుండా ఉంటుందా?

1957లో సామ్ 'యూ సెండ్ మీ' రికార్డు చేస్తుంటే వెనక పాడే తెల్లవాళ్ల కోరస్ ఏంటని రూప్ గొడవపడ్డాడు. ఆ గొడవతోనే సామ్, నిర్మాత బంప్స్ బ్లాక్‌వెల్ ఆ రికార్డింగులు పట్టుకుని బయటికొచ్చేశారు. కీన్ అనే కొత్త కంపెనీ దాన్ని విడుదల చేసింది. దేశంలో నంబర్ వన్. పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆ రికార్డు మీద పాట రాసినవాడి పేరు చూస్తే సామ్ ఉండడు, తమ్ముడు ఎల్.సి. ఉంటాడు. సామ్ రాశాడని ఒప్పుకుంటే పబ్లిషింగ్ హక్కు పాత యజమానికి పోతుంది. అందుకని కాగితం మీద తమ్ముణ్ణి కవిని చేశాడు. దొంగ పనే, కాదనను. దొంగల సంతలో అంతకంటే పద్ధతైన పని ఏముంటుందో నాకు తోచలేదు. టెరీసా బ్రూవర్ అనే తెల్ల గాయని ఆ పాటని వెంటనే మళ్లీ పాడింది, అదీ హిట్టయింది. లిటిల్ రిచర్డ్‌ని ముంచిన ఆటే. ఈసారి పాట రాసిన పేరు కింద చేరాల్సిన డబ్బు కుక్ ఇంటి వైపే నడిచింది.

తర్వాత కీన్‌తోనూ రాయల్టీల దగ్గర చెడింది. అప్పటికి జె.డబ్ల్యు. అలెగ్జాండర్ పరిచయం, స్నేహం అయ్యాయి. ఆయనా గాస్పెల్ గాయకుడే, వయసులో పెద్దవాడు. పాటల పబ్లిషింగ్ అనేది పేపర్ పనిలా కనబడే బంగారు గని అని తెలిసినవాడు. ఇద్దరూ కలిసి కాగ్స్ మ్యూజిక్ నడిపారు. 1959లో ఎస్.ఏ.ఆర్. అనే రికార్డు కంపెనీ పెట్టారు. దాంట్లో మొదట రికార్డు చేసింది ఎవర్నో తెలుసా? తను వదిలేసి వచ్చిన సోల్ స్టిరర్స్‌నే. 1960లో సామ్ ఆర్.సి.ఎ. అనే మహా కంపెనీలో చేరాడు. 'చెయిన్ గ్యాంగ్', 'క్యూపిడ్', 'ట్విస్టిన్ ద నైట్ అవే' పాడి రేడియోని ఏలుతూనే, ఇంకో చేత్తో ఎస్.ఏ.ఆర్. స్టూడియోలో కొత్త కుర్రాళ్లకి పాటలు రాసిచ్చి, పక్కన నిలబడి ఎలా పాడాలో చెప్పేవాడు. జానీ టేలర్, సిమ్స్ ట్విన్స్, వొమాక్ అన్నదమ్ములు ఆ గుమ్మం తొక్కినవాళ్లే. రాకపోకలు ఎక్కువ, లాభం తక్కువ. నడిపింది నల్లవాళ్లు, పాడింది నల్లవాళ్లు, హక్కులు కూడా వాళ్లవే.

నాకు అర్థమైనంతలో సామ్ కుక్ చేసిన అసలైన రాజకీయం ఇదే. మనం ఒక పాటలో వెతుకుతున్న ధిక్కారాన్ని అతను ఐదారేళ్ల ముందు నుంచీ కాంట్రాక్టు కాగితాల మీద చేస్తున్నాడు.

పాటనీ, వీధిలో చేసిన ధిక్కారాన్నీ తక్కువ చేయడానికి ఇది చెప్పట్లేదు. 1961లో మెంఫిస్‌లో తెల్లవాళ్లనీ నల్లవాళ్లనీ వేరువేరుగా కూర్చోబెడతారని తెలిసి, కుక్, క్లైడ్ మెక్‌ఫాటర్ పాడం పొమ్మన్నారు. డబ్బు వదులుకుని. 1963 అక్టోబరులో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో ముందే బుక్ చేసుకున్న హోటల్లో గది లేదన్నారు. కుక్ అక్కడే గట్టిగా గొడవపెట్టుకున్నాడు, కారు హారన్ మోగించాడు, పోలీసులు పట్టుకుపోయారు. (2019లో ఆ ఊరి మేయర్ క్షమాపణ చెప్పాడు. యాభై ఆరేళ్లు పట్టింది.) అంతకుముందే బాబ్ డిలన్ 'బ్లోయిన్ ఇన్ ద విండ్' విని, ఇలాంటి పాట ఒక తెల్ల కుర్రాడు రాయడమేంటి, నేనెందుకు రాయలేదు అని సిగ్గుపడ్డాడు. ఇవన్నీ కలిసే 'ఎ ఛేంజ్ ఈజ్ గొన్నా కమ్' వచ్చింది. 1964 జనవరి 30న రికార్డు చేశారు. ఆ వయొలిన్లు, ఆ ఫ్రెంచ్ హార్న్, కడుపులోంచి మోగినట్టుండే ఆ టింపనీ దెబ్బలు రెనే హాల్ కూర్చినవి. ఏమీ ఆలోచించకుండా దుఃఖం పొంగిపోతే అంత పద్ధతిగా వాద్యాలు కూర్చోవు.

ఇప్పుడు సినిమా సంగతి. 'వన్ నైట్ ఇన్ మయామీ' 1964 ఫిబ్రవరి 25 రాత్రి జరుగుతుంది. మొహమ్మద్ అలీ (అప్పటికింకా క్యాషియస్ క్లే) ప్రపంచ ఛాంపియన్ అయిన రాత్రి. హోటల్ గదిలో మాల్కమ్ ఎక్స్ డిలన్ పాట పెట్టి సామ్ కుక్‌ని నిలదీస్తాడు. సినిమా చివర్లో కుక్ టీవీలో 'ఎ ఛేంజ్' పాడతాడు. హాల్లో మనకి కళ్లు చెమరుస్తాయి. నిజానికి ఆ రాత్రికి ఆ పాట రికార్డయి దాదాపు నెల. టీవీలో 'టునైట్ షో'లో పాడేసి పద్దెనిమిది రోజులు. అంటే మాల్కమ్ మందలించకముందే సామ్ రాశాడు, పాడాడు. సినిమా తారీఖుల్ని తిప్పి, పాటకి ఒక గురువుని పెట్టింది. న్యాయంగా ఒకటి చెప్పాలి. అదే సినిమాలో కుక్ పాత్రకి డబ్బు వాదన చేసుకునే సీను ఒకటి ఇచ్చారు, బాగానే రాశారు. కానీ ఆ వాదనలో అతను గెలవడు. చివరికి తల వంచి పాట రాయాలి, అప్పుడే మంచివాడు. మనకి కావలసిన కథ అదే మరి.

ఆ సీనులో కుక్ చెప్పేది నిజంగా జరిగింది, కాకపోతే ఆ ఫిబ్రవరి తర్వాత. వొమాక్ అన్నదమ్ములు 'వాలెంటినోస్' పేరుతో ఎస్.ఏ.ఆర్.లో పాడిన 'ఇట్స్ ఆల్ ఓవర్ నౌ'ని రోలింగ్ స్టోన్స్ మళ్లీ పాడారు. ఇంగ్లండులో వాళ్ల మొట్టమొదటి నంబర్ వన్ అదే, 1964 జులైలో. పాట రాసిన బాబీ వొమాక్ మొదట మండిపడ్డాడు, మా పాట వాళ్లెందుకు పాడాలని. రాయల్టీ చెక్కు చేతికొచ్చాక మనసు మార్చుకున్నానని తర్వాత తనే నవ్వుతూ చెప్పాడు. లిటిల్ రిచర్డ్ దగ్గర్నుంచి బాబీ వొమాక్ దాకా తొమ్మిదేళ్లు. మళ్లీ తెల్లవాళ్లే పాడారు, మళ్లీ వాళ్లదే పైకెక్కింది. ఈసారి రాసినవాడికి డబ్బొచ్చింది. సోల్ సంగీత చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చెక్కు అది.

మీరు ఒక మాట అనొచ్చు. మరి వొమాక్ పాట మీద పబ్లిషింగ్ ఎవరిది? సామ్ కుక్‌దే కదా? వద్దని కుర్రాడు మొత్తుకుంటున్నా ఇచ్చేసింది అతనే కదా? ఔను. చిన్న యజమాని కూడా యజమానే. నల్లవాడి చేతిలో కంపెనీ ఉంటే దోపిడీ మాయమైపోతుందని నేను చెప్పట్లేదు. 'ఉద్యోగం చేయను' అన్న పిల్లాడు ఇంకొకళ్లకి ఉద్యోగం ఇచ్చేవాడయ్యాడు. అక్కడ మెలిక ఉంది. కానీ ఈ విమర్శ చేయాలన్నా ముందు అతన్ని ఒక యజమానిగా, నిర్ణయాలు తీసుకునే మనిషిగా చూడాలి కదా. పటంలో దేవుణ్ణి విమర్శించలేం.

ఇంకా చేదు మెలిక చివర్లో ఉంది. 1963లో అలెన్ క్లీన్ అనే న్యూయార్క్ లెక్కలాయన కుక్ వ్యవహారాల్లోకి వచ్చాడు. ఆర్.సి.ఎ. మెడలు వంచి లెక్కలు బయటపెట్టించాడు, మంచి ఒప్పందం తెచ్చాడు. ఇకపై రికార్డుల్ని తయారుచేసేదీ, వాటికి యజమానీ ట్రేసీ లిమిటెడ్ అనే కంపెనీ, ఆర్.సి.ఎ. పంచిపెట్టడం వరకే. ట్రేసీ అంటే కుక్ కూతురి పేరు. కాగితాల మీద ఆ కంపెనీ మాత్రం క్లీన్‌ది. పన్నుల కోసం ఏర్పాటు అన్నారు. కొన్నాళ్లకే కుక్ పోయాడు. పాటలూ రికార్డులూ చేతులు మారి మారి క్లీన్ కంపెనీ ఎ.బి.కె.సి.ఓ. దగ్గరికి చేరాయి. తర్వాత రోలింగ్ స్టోన్స్ కూడా క్లీన్‌నే పెట్టుకుని, తమ 1960ల రికార్డులన్నీ అతనికి వదులుకున్నారు. ప్రతి కాగితాన్నీ అనుమానంగా చదివినవాడు ఒక్క కాగితం దగ్గర నమ్మాడు.

హక్కు ఎవరిదైతే మనకేంటి, పాట వినబడుతోందిగా అంటారా? ఏ పాట వినబడుతోంది? 1963 జనవరి 12న మయామీలో హార్లెమ్ స్క్వేర్ క్లబ్‌లో, నల్లవాళ్ల మధ్య, కుక్ పాడిన కచేరీని ఆర్.సి.ఎ. రికార్డు చేసింది. విని, మరీ మొరటుగా ఉందని పక్కన పెట్టేసింది. ఆ టేపుల మీద హక్కు వాళ్లది, వాళ్లిష్టం. ఆ మరుసటి ఏడాది న్యూయార్క్‌లో కోపకబానా అనే తెల్లవాళ్ల ఖరీదైన క్లబ్బులో సూటు వేసుకుని పాడింది మాత్రం వెంటనే ఆల్బమ్‌గా వచ్చింది. మయామీ కచేరీ 1985లో గానీ బయటికి రాలేదు. ఇరవై రెండేళ్లు. అంటే ఒక తరం మొత్తం సామ్ కుక్‌ని పట్టులాంటి గొంతుగా మాత్రమే ఎరుగును. చెమటలు కక్కుతూ, బొంగురుపోతూ, జనాన్ని రెచ్చగొడుతూ, పాట మధ్యలో పకపకా నవ్వే మనిషి డబ్బాలో ఉండిపోయాడు. 'ఎ ఛేంజ్' సంగతీ అంతే. అతను పోయిన పదకొండు రోజులకి ఆ పాట సింగిల్‌గా వచ్చింది, 'షేక్' అనే డాన్సు పాటకి రెండో వైపున. రేడియోకి నప్పాలని అందులో ఒక చరణం కోసేశారు. తెల్లవాళ్ల ఊరి నడిబొడ్డున నల్లవాడు కాలు పెట్టకూడదన్న సంగతిని నేరుగా చెప్పే చరణమే అది. మిగిలిన చరణాల్లో దుఃఖం ఉంది, ఆశ ఉంది. వేలెత్తి చూపించే చరణం లేదు. మనం తల దించుకుని వినే ఆ మెత్తటి సామ్ కుక్‌ని తయారుచేయడంలో హక్కుదార్ల కత్తెరకి వాటా ఉంది.

మన గుమ్మంలోకి వద్దాం. 2017 మార్చి గుర్తుందా? ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుంటే, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా లాయర్ నోటీసు పంపాడు. బాలు గారు ఫేస్‌బుక్‌లో ఆ సంగతి మర్యాదగా చెప్పి, ఇక ఆ పాటలు పాడనన్నారు. ఆ వారం మన తెలుగువాళ్లం రాసిన రాతలు ఎవరైనా పోగేస్తే బావుణ్ణు. ఆ తగవులో ఎవరిది రైటో నేను తేల్చబోవట్లేదు. అందులో స్నేహం ఉంది, చట్టం ఉంది, పాత ఒప్పందాలున్నాయి. కానీ మన తిట్లలో చట్టం ఎక్కడుంది? 'ఇంత గొప్పవాడికి డబ్బు యావ ఏంటి' అన్నదే ఉంది. అంతకు ఐదేళ్ల ముందే, 2012లో, పాట రాసినవాళ్లూ బాణీ కట్టినవాళ్లూ తమ రాయల్టీ హక్కుని రాసిచ్చేయడానికి కూడా వీల్లేకుండా మన కాపీరైట్ చట్టాన్ని సవరించారు. జావేద్ అఖ్తర్ లాంటివాళ్లు రాజ్యసభలో కొట్లాడితే వచ్చింది అది. ఆ సవరణ గురించి తెలుగు సాహిత్య పేజీల్లో నేను చదివింది దాదాపు ఏమీ లేదు. పాటల సాహిత్యం మీద పుస్తకాలకి పుస్తకాలు రాస్తాం. ఆ సాహిత్యం రాసినవాడికి నెలకి ఎంతొస్తుందని అడగం. అడగడం అమర్యాద.

మనకి పోతన కథ ఒకటుంది కదా, భాగవతాన్ని రాజుకి అంకితమివ్వనన్న కథ. చిన్నప్పట్నుంచీ దాన్ని త్యాగం కథగా చెప్పుకున్నాం. నాకీమధ్య వేరేలా వినబడుతోంది. తను రాసినదాని మీద ఎవరి పేరు ఉండాలో తనే తేల్చుకున్న మనిషి కథ అది. పేదరికాన్ని మనమే పెద్ద చేసుకున్నాం.

వాళ్ల దగ్గరా ఇదే జరిగింది. 2009 జనవరిలో, ఒబామా ప్రమాణ స్వీకారానికి ముందు, లింకన్ మెమోరియల్ దగ్గర 'ఎ ఛేంజ్' పాడించారు. 2021లో రోలింగ్ స్టోన్ పత్రిక ఐదొందల గొప్ప పాటల జాబితాలో మూడో స్థానం ఇచ్చింది. గుడి కట్టేశారు. కానీ తర్వాత వచ్చిన నల్ల సంగీతకారులు కుక్ దగ్గర నేర్చుకున్నది ఆ వంపు ఒక్కటే కాదు. 1968లో కర్టిస్ మేఫీల్డ్ సొంతంగా కర్టమ్ రికార్డ్స్ పెట్టాడు. 1990లలో ప్రిన్స్ తన రికార్డుల హక్కుల కోసం కొట్లాడుతూ చెంప మీద 'బానిస' అని రాసుకుని తిరిగాడు. జనం నవ్వారు, పిచ్చెక్కిందన్నారు. ఈ వరస కూడా సోల్ వారసత్వమే. ప్లేలిస్టులో వినబడదు కాబట్టి మనం దాన్ని సంగీతం అనుకోం.

పోయిన నెల ఆ మేడ మీది మిత్రుడికి హార్లెమ్ స్క్వేర్ క్లబ్ రికార్డింగ్ లింకు పంపించాను, ఒక్క మాట కూడా రాయకుండా. గంట తర్వాత వాట్సాప్‌లో జవాబొచ్చింది.

"అన్నా, ఈయన నవ్వుతున్నాడేంటి?"